అణు ఇంధనం: మన సొంతం ఎంత, అరువు తెచ్చుకున్నది ఎంత

కొత్త అణు విద్యుత్ కేంద్రం గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా అందులో "పూర్తి స్వదేశీ పరిజ్ఞానంతో" అన్న మాట ఉంటుంది. బరువైన హైడ్రోజన్ ఉన్న నీటిని (భారజలాన్ని) వాడి, సహజ యురేనియంతో నడిచే భారజల రియాక్టర్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. ఇంధనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని విడదీసి చూడాలి. రాయి ఏ నేలది, ఆ రాతిలోంచి యురేనియాన్ని రాబట్టింది ఎవరు, దాన్ని గుళికగా మలిచి గొట్టంలో పెట్టి మూసింది ఎవరు, సుసంపన్నం చేయవలసి వస్తే, అంటే అందులో విచ్ఛిత్తి చెందే యురేనియం పాలు పెంచవలసి వస్తే, ఆ పని ఏ దేశంలో జరిగింది అన్నవి వేరువేరు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ఒక్కో జవాబు ఉంది. వాటన్నిటినీ ఒకే మూట కట్టి "స్వదేశీ" అని ముద్ర వేయడం వల్ల మనం బలంగా ఉన్న చోటును సరిగా గుర్తించడం లేదు, బలహీనంగా ఉన్న చోటును పట్టించుకోవడం లేదు. ముడి యురేనియం కొనుక్కోవచ్చు, కొని నిల్వ చేసుకోవచ్చు. ఇంధనం తయారుచేసే నేర్పు మాత్రం ఎవరూ అమ్మరు. కాబట్టి దేశం తన డబ్బును, పట్టుదలను కొత్త గనుల మీద కన్నా కర్మాగారాల మీద పెట్టాలన్నది నా వాదన.

ఈ విషయం తెలుగువాళ్లకు దూరపుది కాదు. దేశంలోని భారజల రియాక్టర్లన్నిటికీ ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో హైదరాబాదులో, మౌలాలి వైపు ఏర్పడింది. దానికి తొలి అధిపతి ఎన్. కొండలరావు. పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను అంతకు నాలుగేళ్ల ముందు ఎ.ఎస్. రావు నిలబెట్టారు, ఆయన పేరు మీద ఉన్న కాలనీ నగరంలో అందరికీ తెలుసు. యురేనియం నిక్షేపాల కోసం దేశమంతటా అన్వేషించే అణు ఖనిజాల సంచాలకాలయం ప్రధాన కార్యాలయం బేగంపేటలో ఉంది. ఈ రియాక్టర్లకు కావలసిన భారజలం తయారయ్యే కేంద్రాల్లో ఒకటి గోదావరి ఒడ్డున మణుగూరులో ఉంది. యురేనియం గని కడప జిల్లా తుమ్మలపల్లెలో ఉంది. ఇంధన చక్రంలో ఇన్ని అంచెలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నా, ఈ విషయం మీద తెలుగులో జరిగే చర్చ గని కావాలా వద్దా అన్న దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది.

చిన్నప్పుడు మేము ఆ ప్రాంతంలోనే ఉండేవాళ్లం. మా వీధిలో ఒక పెద్దాయన, మేమంతా బాబాయిగారు అని పిలిచేవాళ్లం, గుళికలు సానపట్టే విభాగంలో పనిచేసేవారు. పని వివరాలు ఇంట్లో మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. ఒకసారి మాత్రం నా పెన్సిల్ ముక్క వేళ్ల మధ్య తిప్పుతూ, "చూడు నాయనా, ఇంత లావు గుళిక ఉంటుంది. వెంట్రుకంత తేడా వచ్చినా దాన్ని పక్కన పెట్టేస్తాం. గొట్టంలో వదులైతే వేడి బయటికి పోదు, బిగుతైతే గొట్టం చిట్లుతుంది" అన్నారు. ఇంధన తయారీ గురించి తర్వాత చదివినదంతా ఆ మాటలకు వివరణలాగే అనిపించింది.

గని దగ్గరి మిల్లు నుంచి వచ్చే పసుపుపచ్చని పొడి చూడటానికి శుద్ధమైనదిలా ఉన్నా రియాక్టరుకు పనికిరాదు. అందులో బోరాన్, కాడ్మియం వంటివి లేశమాత్రం ఉన్నా న్యూట్రాన్లను మింగేస్తాయి. సహజ యురేనియంలో విచ్ఛిత్తి చెందే ఐసోటోపు వెయ్యి పాళ్లకు ఏడు పాళ్లే కాబట్టి, దానితో నడిచే రియాక్టరు ఒక్క న్యూట్రాన్‌ను కూడా వృథా చేసుకోలేదు. అందుకని ఆ పొడిని నత్రికామ్లంలో కరిగించి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావణితో యురేనియాన్ని మాత్రమే విడిగా లాగుతారు. తర్వాత అమ్మోనియాతో అవక్షేపం చేసి, కాల్చి, హైడ్రోజన్‌తో క్షయకరణం జరిపి యురేనియం డయాక్సైడ్ పొడి తీస్తారు. ఆ పొడిని అచ్చుల్లో నొక్కి గుళికలుగా చేసి, హైడ్రోజన్ వాతావరణంలో దాదాపు 1700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిమిలో పెడితే అవి కుంచించుకుపోయి, రాయిలా గట్టిపడిన పింగాణీ గుళికలవుతాయి. వాటిని సానపట్టి, కడిగి, ఆరబెట్టి, వరుసగా జిర్కలాయ్ అనే జిర్కోనియం మిశ్రలోహపు గొట్టంలో పేరుస్తారు. గొట్టం గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు చివరలూ వెల్డింగ్ చేసి మూసిన గొట్టాలను 19 చొప్పున కట్టగా కలిపితే 220 మెగావాట్ల రియాక్టరుకు సరిపోయే బండిల్ తయారవుతుంది. దాని పొడవు అర మీటరు, బరువు 16 కిలోల పైచిలుకు. పెద్ద రియాక్టర్లకు 37 గొట్టాల బండిళ్లు వాడతారు. ఒక 220 మెగావాట్ల రియాక్టరులో 306 నాళాలు, ఒక్కో నాళంలో 12 బండిళ్లు ఉంటాయి. రియాక్టరును ఆపకుండానే పాతవి తీసి కొత్తవి పెడుతుంటారు. పూర్తి సామర్థ్యంతో నడిస్తే సగటున రోజుకు ఎనిమిది తొమ్మిది బండిళ్లు ఖర్చవుతాయి. ఒక్క బండిల్ తన జీవితకాలంలో ఇచ్చే విద్యుత్తు లెక్క వేస్తే సుమారు ఆరు లక్షల యూనిట్లు తేలుతుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు 250 వరకు ఏడాదంతా వాడుకునే కరెంటు అది.

గొట్టం సంగతి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంధనం అనగానే అందరూ యురేనియాన్నే తలుచుకుంటారు. జిర్కోనియం సముద్రపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి వస్తుంది. ప్రకృతిలో దానితో పాటు హాఫ్నియం ఎప్పుడూ కలిసే ఉంటుంది. రసాయన గుణాల్లో ఈ రెండూ కవలల్లాంటివి, న్యూట్రాన్ల దగ్గర మాత్రం పూర్తిగా ఎదురెదురు స్వభావాలవి: జిర్కోనియం న్యూట్రాన్లను పోనిస్తుంది, హాఫ్నియం దానికి కొన్ని వందల రెట్లు ఎక్కువగా మింగుతుంది. ఈ రెంటినీ వేరుచేయడం, వేరుచేసిన జిర్కోనియాన్ని మెగ్నీషియంతో క్షయకరించి స్పాంజి లోహంగా తీయడం, దాన్ని శూన్యంలో కరిగించి దిమ్మెలుగా పోయడం, ఆ దిమ్మెను సన్నని గొట్టం దాకా సాగదీయడం ప్రపంచంలో కొద్ది దేశాలకు మాత్రమే వచ్చిన పని. హైదరాబాదు కర్మాగారం ఇసుక నుంచి గొట్టం దాకా అన్ని దశలనూ తనే చేసింది. తర్వాత తమిళనాడులోని పళయకాయల్‌లో జిర్కోనియం స్పాంజి కోసం విడిగా ఒక కేంద్రం వచ్చింది. స్వావలంబన అన్న మాటకు నాకు తెలిసిన అత్యుత్తమ నిదర్శనం ఇదే, దాని గురించే మనం అతి తక్కువగా మాట్లాడుకుంటాం.

ఈ నేర్పు విలువ ఏమిటో 1974 తర్వాతి ఏళ్లు చూపించాయి. పోఖ్రాన్ పరీక్ష జరిగాక, రాజస్థాన్ రియాక్టర్లకు సాయపడుతున్న కెనడా తన సహకారాన్ని ఉపసంహరించుకుంది. రాజస్థాన్‌లో రెండో యూనిట్ నిర్మాణం మధ్యలో ఉంది; దాన్ని మన ఇంజనీర్లే పూర్తిచేసి 1981లో నడిపించారు. ఆ తర్వాత కల్పాక్కంలో, నరోరాలో, కాక్రపార్‌లో, కైగాలో వచ్చిన రియాక్టర్లకు ఇంధన బండిళ్లు హైదరాబాదు నుంచే వెళ్లాయి. కెనడా వెళ్లిపోయినందువల్ల ఇంధనం లేక మూతబడిన భారజల రియాక్టరు ఒక్కటి కూడా లేదు. రాయి జార్ఖండ్‌లోని జాదుగూడ నుంచి వచ్చేది, తయారీ మొత్తం మన చేతుల్లోనే ఉండేది.

తారాపూర్ కథ ఇందుకు పూర్తిగా భిన్నం. అమెరికా 1963 ఒప్పందం ప్రకారం కట్టి ఇచ్చిన ఆ రెండు రియాక్టర్లు 1969లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టినా, వాటికి సుసంపన్న యురేనియం కావాలి, అది మన దగ్గర లేదు. అమెరికా 1978లో కొత్త చట్టం తెచ్చుకుని సరఫరా ఆపేసింది. తర్వాత ఫ్రాన్స్ పదేళ్లపాటు ఇచ్చింది, 1990లలో చైనా ఇచ్చింది, 2001లో రష్యా ఇచ్చింది. బయటి నుంచి వచ్చిన యురేనియాన్ని గుళికలుగా, ఇంధన కట్టలుగా మార్చే పని హైదరాబాదులోనే జరిగేది. అయినా మధ్యలో ఒక్క అంచె, అంటే సుసంపన్నం చేసే అంచె, మన చేతిలో లేకపోవడం వల్ల ఒక విద్యుత్ కేంద్రం కోసం దేశం ఒకరి తర్వాత ఒకరి తలుపు తట్టవలసి వచ్చింది. ఒకే దేశంలో, ఒకే కాలంలో, ఒకే కర్మాగారం ఇంధనం అందించిన రెండు రకాల రియాక్టర్లలో ఒక రకం నిశ్చింతగా నడిచింది, రెండో రకం అగచాట్లు పడింది. ఈ అనుభవం చేతిలో ఉంచుకుని కూడా మనం పాఠం నేర్చుకోలేదని నా బాధ.

నా వాదనకు ఎదురుగా నిలిచే ఘట్టం ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2007 నుంచి 2009 వరకు రియాక్టర్లు ఉన్నాయి, కర్మాగారం ఉంది, నిపుణులు ఉన్నారు, యురేనియం లేదు. గనుల విస్తరణ రియాక్టర్ల నిర్మాణంతో సమానంగా సాగలేదు. 2008-09లో మన అణు కేంద్రాలు సగం సామర్థ్యంతోనే నడిచాయి. రాయి లేకపోతే నేర్పు ఉండి ఏం లాభం అని అడిగేవారికి ఇది గట్టి ఆధారం. అయితే ఆ కరువు తీరిన తీరును కూడా చూడాలి. 2008 సెప్టెంబరులో, అణు సరుకుల ఎగుమతిని నియంత్రించే దేశాల కూటమి అయిన అణు సరఫరాదారుల బృందం తన నిబంధనల నుంచి మనకు మినహాయింపు ఇచ్చింది. ఫ్రాన్స్, రష్యా, కజకిస్తాన్‌ల నుంచి యురేనియం రావడం మొదలైంది. 2015లో కెనడా కూడా ఐదేళ్ల ఒప్పందం చేసుకుంది. ముడిసరుకు చేతికందగానే హైదరాబాదు కర్మాగారం ఉత్పత్తి పెంచుకుంటూ పోయి 2015-16 నాటికి ఏడాదికి సుమారు 1500 టన్నుల భారజల రియాక్టరు ఇంధనం స్థాయిని అందుకుంది. నేర్పు సిద్ధంగా ఉన్న చోట రాయి కొరత కొన్నేళ్లలో తీరింది. సుసంపన్నం చేసే నేర్పే లేని చోట, తారాపూర్‌లో, ఇతరుల మీద ఆధారపడటం తప్పలేదు.

ఇప్పుడు రాయి నాణ్యత చూద్దాం. తుమ్మలపల్లె ఖనిజంలో యురేనియం ఆక్సైడ్ పదివేల పాళ్లకు సుమారు నాలుగు పాళ్లు, అంటే టన్ను రాయికి 400 గ్రాములు. జాదుగూడది దీనికన్నా కొంత మెరుగు. కెనడాలోని సిగార్ లేక్ గనిలో టన్నుకు 150 కిలోల పైనే ఉంటుంది. శుద్ధిలో పోయే నష్టాన్ని కూడా కలుపుకుంటే, నేను పైన వర్ణించిన ఒక్క బండిల్‌కు తుమ్మలపల్లెలో సుమారు 50 టన్నుల రాయిని భూగర్భం నుంచి తవ్వి, పిండి చేసి, క్షారంలో ఒత్తిడి మీద ఉడికించాలి. కడప ఖనిజం సున్నపు జాతి రాతిలో ఉంటుంది. దాని మీద ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాతికే ఖర్చవుతుంది కాబట్టి అక్కడ క్షార పద్ధతి తప్పనిసరి అయింది. ఇంత పలుచని ఖనిజం నుంచి యురేనియం రాబట్టే ప్రక్రియను రూపొందించిన శాస్త్రవేత్తల పట్ల నాకు గౌరవం ఉంది. ఆ గౌరవానికీ, ఈ లెక్కకూ సంబంధం లేదు.

రోజుకు 3000 టన్నుల రాయిని నమిలేలా కట్టిన ఆ మిల్లులో లోపలికి వెళ్లిన రాయి దాదాపు అంతా బురదగా బయటికి వస్తుంది. యురేనియం తీసేసినా, దాని సంతతి మూలకాలైన థోరియం-230, రేడియం-226 అందులోనే ఉండిపోతాయి. రాతిలోని మొత్తం రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ వ్యర్థంలోనే మిగులుతుంది. ఆ వ్యర్థమంతా చేరే చెరువు వేముల మండలంలో ఊళ్ల సరసనే ఉంది. బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఆ మార్పులకు తమ చెరువు కారణం కాదని గని సంస్థ అంటోంది. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేసిన పొర సరిపోతుందా లేదా అన్నది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దాకా వెళ్లిన వివాదం. ఈ తగవు తీరేవరకు ఆ రైతులకు తాగునీరు, సాగునీరు గని ఖర్చుతోనే అందాలని, భూగర్భజల పరీక్షల ఫలితాలను నెలనెలా తెలుగులో పంచాయతీ గోడ మీద అతికించాలని నా అభిప్రాయం. దేశానికి యురేనియం అవసరమైతే, ఆ అవసరపు ధరను వేముల మండలం ఒక్కటే చెల్లించడానికి వీల్లేదు.

2019లో నల్లమల మీద వచ్చిన గొడవను కూడా ఈ లెక్కతోనే చూడాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం సర్వేకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, పర్యావరణవేత్తలు, రచయితలు, సినీ నటులు అందరూ ఎదురు తిరిగారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందు నాగార్జునసాగర్ జలాశయం దగ్గర లంబాపూర్-పెద్దగట్టు ప్రాజెక్టు కూడా ప్రజల వ్యతిరేకతతో ముందుకు సాగలేదు. ఆ రోజుల్లో గనిని సమర్థించినవారు "దేశ ఇంధన భద్రత" అన్న మాటను ఎక్కువగా వాడారు. నేను అణు విద్యుత్తును సమర్థించేవాడినే, అయినా ఆ మాటతో ఏకీభవించను. కృష్ణానది పరీవాహక ప్రాంతాన్నీ, అడవినీ, అడవిలో బతికే మనుషులనూ పణంగా పెట్టి తెచ్చుకునే ఆ పలుచని రాయికి బదులు, మనకు అమ్మడానికి సిద్ధంగా ఉన్న దేశాల నుంచి ఎన్నో రెట్లు చిక్కని ఖనిజపు యురేనియం కొనుక్కోవచ్చు.

అప్పుడు దేశీయ యురేనియం అక్కర్లేదా అంటే, కొంత కావాలి, అదెంతో కూడా లెక్క ఉంది. దిగుమతి చేసుకున్న యురేనియాన్ని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీ కింద ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. కైగాలోని నాలుగు, కల్పాక్కంలోని రెండు, తారాపూర్‌లోని మూడు, నాలుగు యూనిట్లు ఆ తనిఖీ పరిధి బయట ఉన్నాయి. వాటికి మన నేల నుంచి వచ్చిన యురేనియమే గతి. ఆ ఎనిమిదింటి సామర్థ్యం 2400 మెగావాట్లు. ఏడాదికి 400 టన్నుల లోపు యురేనియం సరిపోతుంది. మన వార్షిక ఉత్పత్తి 600 టన్నుల దాకా ఉంటుందని ప్రపంచ న్యూక్లియర్ అసోసియేషన్ అంచనా. ఉన్న గనులను బాగా నడుపుకుంటే, వాటి చుట్టూ ఉన్నవారికి న్యాయం చేస్తే, ఈ అవసరం తీరుతుంది. దీనికి నల్లమల అక్కర్లేదు.

మిగిలిన రియాక్టర్లకు కొనుగోలు మీద ఆధారపడక తప్పదు. ఆధారపడటంలో ఉన్న ప్రమాదాన్ని తగ్గించే మార్గం నిల్వ. యురేనియానికి ఉన్న గొప్ప సౌలభ్యం అది. 700 మెగావాట్ల భారజల రియాక్టరుకు ఏడాదికి కావలసింది సుమారు 100 టన్నులు, అంటే సాధారణ ఉక్కు డ్రమ్ముల్లో నింపితే మూడు వందల డ్రమ్ములకు మించదు. బొగ్గులా తగలబడదు, సహజవాయువులా గొట్టాల దారి పట్టి రావలసిన పని లేదు, పదేళ్లు ఉన్నా పాడవదు. పంట బాగా పండిన ఏడు గాదె నింపుకున్నట్టు, ధర తక్కువగా ఉన్న ఏళ్లలో కొని ప్రతి రియాక్టరుకూ ఐదేళ్లకు సరిపడా నిల్వ పెట్టుకుంటే, 1974 లాంటి సంవత్సరం మళ్లీ వచ్చినా తట్టుకోవచ్చు. ఒక కొత్త గని తవ్వి, దాని వ్యర్థాలను వందల ఏళ్లు కాపలా కాయడంతో పోలిస్తే ఇది చవక.

నిల్వతో తీరని లోటు సుసంపన్నం దగ్గర ఉంది. మైసూరు దగ్గర రట్టెహళ్లిలో మనకు యురేనియాన్ని సుసంపన్నం చేసే సెంట్రిఫ్యూజ్ కేంద్రం ఉన్నా అది రక్షణ అవసరాల కోసం ఏర్పడింది. విద్యుత్ రియాక్టర్లకు సరిపోయే స్థాయిలో సుసంపన్నం చేసే కర్మాగారం మనకు లేదు. కూడంకుళంలో నడుస్తున్న 1000 మెగావాట్ల రియాక్టర్లకు ఇంధనం పూర్తిగా తయారై రష్యా నుంచే వస్తుంది. అక్కడ హైదరాబాదు కర్మాగారానికి పనే లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా రియాక్టర్లు ఆరు, మహారాష్ట్ర జైతాపూర్‌లో ఫ్రాన్స్ రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అవన్నీ సుసంపన్న యురేనియంతో నడిచేవే. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యమని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించారు. అందులో సగం ఈ రకం రియాక్టర్లే అనుకుంటే ఏడాదికి 1200 టన్నులకు పైగా సుసంపన్న ఇంధనం కావాలి. రియాక్టరు కొనేటప్పుడు ధర గురించి, ప్రమాదం జరిగితే ఇవ్వవలసిన పరిహారపు చట్టం గురించి ఎంతో మాట్లాడతాం; అరవై ఏళ్లపాటు దానికి తిండి పెట్టేది ఎవరన్నది మాత్రం ఒప్పందంలో ఒక అనుబంధంగా మిగిలిపోతుంది.

ప్రపంచ విపణిలో ఆ సేవ చవకగా దొరుకుతుంటే వేల కోట్లు పోసి సొంతంగా ఎందుకు అన్న ప్రశ్న ఆర్థికవేత్తల నుంచి వస్తుంది. అమెరికాకు కూడా ఒకప్పుడు అలాగే అనిపించింది. ప్రపంచ సుసంపన్న సామర్థ్యంలో 40 శాతానికి పైగా రష్యా చేతిలో ఉండగా, ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక, 2024 మేలో రష్యా ఇంధనాన్ని నిషేధిస్తూ చట్టం చేసుకున్న అమెరికా, అదే చట్టంలో 2027 చివరి దాకా మినహాయింపులు కూడా రాసుకోవలసి వచ్చింది. అంతటి దేశానికే ఒక్కసారిగా తెంచుకోవడం వీలుకాలేదు. మన పరిస్థితి ఇంకా ఇరుకైనది. 2011లో అణు సరఫరాదారుల బృందం నిబంధనలు బిగించి, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరని దేశాలకు సుసంపన్నం, వాడిన ఇంధనపు పునఃశుద్ధి పరిజ్ఞానాలు అమ్మకూడదని తీర్మానించుకుంది. యురేనియం ఇస్తారు, రియాక్టరు ఇస్తారు, ఈ పరిజ్ఞానం మాత్రం డబ్బు పెట్టినా ఇవ్వరు. జిర్కోనియం నుంచి హాఫ్నియాన్ని వేరుచేయడం ఎలా మనమే నేర్చుకున్నామో, దీన్నీ అలాగే నేర్చుకోవాలి. అది పదిహేను ఇరవై ఏళ్ల పని కాబట్టి, రియాక్టర్లు వచ్చాక మొదలుపెడితే చేతికి అందదు.

అందాకా చేయగలిగింది ఒకటుంది. గుళికల తయారీ, గొట్టాల తయారీ, కట్టల కూర్పు మనకు వచ్చిన పనులే. తారాపూర్ కోసం సుసంపన్న యురేనియంతో ఆ పని దశాబ్దాలుగా చేశాం. కొత్త రియాక్టర్లకు ఇంధనం పూర్తిగా తయారైన సరుకుగా కాకుండా సుసంపన్న యురేనియం రూపంలో వచ్చేలా, కట్టలు ఇక్కడే తయారయ్యేలా ఒప్పందాల్లో రాయించుకోవాలి. రష్యాతో కూడంకుళం తర్వాతి యూనిట్ల దగ్గర, అమెరికాతో కొవ్వాడ దగ్గర దీన్ని షరతుగా పెట్టాలి. నమూనా హక్కులు తమవని అమ్మకందారులు తప్పకుండా అభ్యంతరం చెబుతారు. కొనేవాడికి బేరమాడే శక్తి ఉండేది సంతకానికి ముందే. కొవ్వాడ, చుట్టుపక్కల ఊళ్ల జాలర్లు, రైతులు ఇప్పటికే భూములు ఇచ్చి, పునరావాసం కోసం ఎదురు చూస్తున్నారు. రాష్ట్రం నుంచి ఎన్నికైన పార్లమెంటు సభ్యులు ఆ ప్రాజెక్టు గురించి అడగవలసిన ప్రశ్నల్లో పునరావాసం తర్వాతి ప్రశ్న ఇదే కావాలి: ఆ ఆరు రియాక్టర్ల ఇంధనంలో ఏ భాగం, ఏ సంవత్సరం నుంచి, ఈ దేశంలో తయారవుతుంది?